జొన్నగిరి రాయన్నారు, సర్టిఫికెట్ ఇవ్వలేదు: ఉంగరం డబ్బు తిరిగొస్తుందా?

ప్రశ్న: మాది కడప. మా అబ్బాయి నిశ్చితార్థానికి కర్నూలులోని ఒక నగల దుకాణంలో 90 సెంట్ల (0.90 క్యారెట్) ఓవల్ వజ్రపుటుంగరం 2,35,000 రూపాయలకు కొన్నాం. ‘జొన్నగిరి రాయి, సర్టిఫికెట్‌తో పనేముంది’ అన్నారు. బిల్లులో ‘డైమండ్ రింగ్’ అని మాత్రమే రాశారు. రాయి నడుమ నల్లటి నీడ ఉంది. ప్రొద్దుటూరులో చూపిస్తే ల్యాబ్‌లో పెంచిన రాయేమో అన్నారు, వజ్రాన్ని పరీక్షించే పెన్ను పెడితే మాత్రం డైమండ్ అనే చూపింది. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోం’ అని బిల్లు మీద ముద్ర వేశారు. రాయి విప్పించి పరీక్షకు పంపమంటారా?

జవాబు: విప్పించకండి. రాయిని పట్టి ఉంచే గోళ్లు ఎత్తి బయటికి తీస్తే, ‘మేమిచ్చిన రాయి ఇది కాదు, మార్చేశారు’ అంటుంది దుకాణం. ఇలాంటి కేసులు ఎక్కువగా అక్కడే దెబ్బతింటాయి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 38 కింద జిల్లా వినియోగదారుల కమిషనే వస్తువుకు సీలు వేసి తగిన ల్యాబ్‌కు పంపుతుంది. నివేదికకు 45 రోజుల గడువు, ఫీజు ముందు మీరే కట్టాలి. దుకాణం సులభంగా కొట్టిపారేయలేనిది ఆ నివేదికే.

పెన్ను మాట పట్టించుకోవద్దు. అది వేడి ఎంత త్వరగా పాకుతుందో చూస్తుంది. ల్యాబ్‌లో పెంచిన రాయి కూడా వజ్రమే కాబట్టి దాంట్లోనూ పాసవుతుంది. భూతద్దంతో చూసీ తేల్చలేరు, యంత్రాలు కావాలి.

మీ బలమంతా ఆ ‘డైమండ్’ అన్న ఒక్క మాటలో ఉంది. భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం ప్రకారం ఆ మాట సహజ వజ్రానికే చెల్లుతుంది. ల్యాబ్ రాయైతే ఆ సంగతి స్పష్టంగా చెప్పి తీరాలి. చెప్పకుండా సహజ వజ్రమని అమ్మడం అనుచిత వ్యాపార పద్ధతి. తొలకరి పడితే తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో జనం రాళ్లకోసం వెతికే మాట నిజమే గానీ, దుకాణంలో సానపట్టిన రాయి అక్కడిదే అనడానికి అది రుజువు కాదు. అక్కడి రాయైనా ల్యాబ్ సర్టిఫికెట్ తెచ్చుకోవడానికి అడ్డేమీ లేదు.

నోటిమాట నిలవదు. అందుకే ఇప్పుడే వాట్సాప్‌లో అడగండి: ‘జొన్నగిరి సహజ వజ్రమని చెప్పి 90 సెంట్ల రాయి అమ్మారు, సర్టిఫికెట్ పంపండి’. జవాబు ఏదొచ్చినా, అసలు రాకపోయినా మీకే పనికొస్తుంది. ఆ సందేశాల ప్రింటుతోపాటు ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సిన భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ధ్రువపత్రం జతచేయండి.

నడుమ నీడను మాత్రం ఫిర్యాదులో ముందుకు తేవద్దు. దాన్ని బో టై అంటారు, ఓవల్ రాళ్లలో చాలావాటికి ఎంతో కొంత ఉంటుంది. కొనేటప్పుడు కంటికి కనిపించేదే కాబట్టి, చూసే కొన్నారు కదా అంటారు.

వాపసు లేదన్న ముద్రకు భయపడొద్దు. సరుకులో లోపముంటే అది చెల్లదు. బిల్లులో గడువు రాయకపోతే 30 రోజుల్లోపు లోపమున్న సరుకు వెనక్కి తీసుకోనని నిరాకరించడం కూడా వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) కింద తప్పే.

హాల్‌మార్కు ఉంటే, నగ మీది హెచ్‌యూఐడీ (ప్రత్యేక గుర్తింపు) నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. అది బంగారం స్వచ్ఛత గురించే చెబుతుంది, రాయి గురించి కాదు. తూకమూ చూసుకోండి: క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు, మీ 90 సెంట్లు 180 మిల్లీగ్రాములు. అది బంగారం బరువులో కలిపారేమో లెక్కేయండి.

తర్వాత స్పీడ్ పోస్టులో 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. స్పందించకపోతే కడప జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, మీరుండేది అక్కడే కాబట్టి కర్నూలు తిరగక్కర్లేదు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపే కనుక కోర్టు ఫీజు లేదు. పూర్తి సొమ్ము, వడ్డీ, మనోవేదనకు పరిహారం, ఖర్చులు విడివిడిగా అడగండి. కొన్న తేదీ నుంచే లెక్కేసుకుని రెండేళ్లలోపు వేయండి. పోలీసు కేసు ఇప్పుడే వద్దు, మొదటినుంచీ మోసం చేసే ఉద్దేశముందని చూపాలి, అది ల్యాబ్ నివేదిక వచ్చాక ఆలోచించే సంగతి.