మూడు వరుసలూ ఉన్నచోటే మారాలంటే

ప్రశ్న: మూడు ఫైళ్లను ఒకేసారి డౌన్‌లోడ్ చేసే కమాండ్‌లైన్ ప్రోగ్రామ్ పైథాన్‌లో రాశాను. ఒక్కో ఫైలు ఎంత శాతం దిగిందో ఒక్కో వరుసలో చూపించాలి. క్యారేజ్ రిటర్న్ వాడితే చివరి వరుస ఒక్కటే మారుతోంది. మామూలుగా ప్రింట్ చేస్తే స్క్రీనంతా నిండిపోతోంది. ఏం చేయాలండీ?

జవాబు: క్యారేజ్ రిటర్న్ కర్సర్‌ను ఉన్న వరుస మొదటికి తెస్తుందే తప్ప పై వరుసకు ఎక్కించదు. దానికి ఎస్కేప్ కోడ్‌లు (కర్సర్‌ను కదిపే, వరుసను చెరిపే ప్రత్యేక అక్షరాల కూర్పులు) వాడాలి. 1978 నాటి వీటీ100 టెర్మినల్‌లో పనిచేసిన ఈ కోడ్‌లు నేటి లైనక్స్, మ్యాక్ టెర్మినళ్లలోనూ పనిచేస్తాయి. విండోస్ 10 పాత కన్సోల్‌లో మాత్రం ముందుగా ఈ కోడ్‌లను పాటించే వర్చువల్ టెర్మినల్ మోడ్ ఆన్ చేయాలి.

మీకు కావలసినవి రెండే. రెండూ ఎస్కేప్ అక్షరంతో (ఆస్కీ నంబరు 27), దాని పక్కన ఎడమ చదరపు బ్రాకెట్‌తో మొదలవుతాయి. ఆ తర్వాత 3, క్యాపిటల్ ఏ రాస్తే కర్సర్ మూడు వరుసలు పైకి వెళ్తుంది. అంకె లేకుండా క్యాపిటల్ కే రాస్తే కర్సర్ నుంచి వరుస చివరిదాకా చెరిగిపోతుంది.

మొదటిసారి మూడు వరుసలూ ప్రింట్ చేయండి, ప్రతిదాని చివరా న్యూలైన్ ఉండాలి. అప్పుడు కర్సర్ నాలుగో వరుసలో ఉంటుంది. కాబట్టి ఎక్కాల్సింది మూడు. చాలామంది ఇక్కడే రెండు అని రాస్తారు. అలా రాస్తే ప్రతిసారీ బొమ్మ ఒక వరుస కిందికి జారి, పైన పాత వరుసలు మిగిలిపోతాయి. పైకి వెళ్లాక ఒక్కో వరుస కొత్త పాఠం, చెరిపే కోడ్, న్యూలైన్ ఇలా రాయండి. చెరపకపోతే పాత పాఠం పొడవుగా ఉన్నప్పుడు దాని తోక మిగులుతుంది. మొత్తాన్నీ ఒకే స్ట్రింగ్‌గా కూర్చి, ఒక్కసారే రాసి ఫ్లష్ చేస్తే (అంటే వెంటనే తెరకు పంపిస్తే) మినుకుమినుకులు తగ్గుతాయి. సెకనుకు పదిసార్లు చాలు.

అసలు చిక్కు వరుస పొడవుతో వస్తుంది. ఫైలు పేరు టెర్మినల్ వెడల్పు దాటితే ఆ పాఠం రెండు వరుసలు ఆక్రమిస్తుంది, మీ లెక్క మాత్రం ఒకటే అంటుంది. అంతే, బొమ్మంతా చెదురుతుంది. ప్రతిసారీ టెర్మినల్ వెడల్పు అడిగి తెలుసుకుని, దానికన్నా ఒక గడి (ఒక అక్షరం పట్టే చోటు) తక్కువకు కత్తిరించండి. ఆ ఒక్క గడి ఎందుకంటే, వరుస పూర్తిగా నిండాక చెరిపే కోడ్ ఇస్తే చాలా టెర్మినళ్లలో చివరి అక్షరం పోతుంది.

ఫైళ్లను ఒకేసారి దింపడానికి మూడు థ్రెడ్లు (ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కన నడిచే పనులు) వాడుతుంటే, అవి నేరుగా ప్రింట్ చేయకూడదు. అవి అంకెలను మాత్రమే మార్చాలి. గీసే పని ఒకే థ్రెడ్‌కు అప్పగించండి. ఇక ఫైళ్లు స్క్రీన్ ఎత్తును మించితే ఈ పద్ధతి పనికిరాదు, ఎందుకంటే కర్సర్ స్క్రీన్ పై అంచు దాటి ఎక్కదు. అప్పుడు నడుస్తున్న ఫైళ్లనే చూపించి, మిగతావి ఎన్ని ఉన్నాయో సంఖ్య మాత్రం వేయండి. అవుట్‌పుట్‌ను ఫైలులోకి మళ్లించినప్పుడు ఈ కోడ్‌లు అందులో చెత్తగా చేరతాయి. ఈజ్‌ఏటీటీవై ఫంక్షన్‌తో చూసి, టెర్మినల్ కాకపోతే అసలు వాడకండి.

ప్రశ్న: ఫైలు పేరు తెలుగులో ఉంటే శాతం నిలువుగా సరిగా పడటం లేదు.

జవాబు: ‘తెలుగు’ కంటికి మూడు అక్షరాలు, పైథాన్ లెక్కలో ఆరు. గుణింతపు గుర్తులు ఎన్ని గడులు తీసుకోవాలన్నదానిపై టెర్మినళ్లకే ఏకాభిప్రాయం లేదు. అందుకని శాతం, బార్ ముందు పెట్టి, పేరును వరుస చివరకు నెట్టేయండి. పేరు ఎంత వెడల్పు తీసుకున్నా మిగతావి కదలవు.