ఆ 84 సైటేషన్లు ఎవరు ఇచ్చారు?

ప్రశ్న: హన్మకొండలో ఇంజినీరింగ్ చదువుతున్నాం. ఎండుమిర్చి బస్తాలో తేమ కొలిచే పరికరం తయారుచేశాం. పేటెంట్ డ్రాఫ్ట్‌ను ఒక ఉచిత సైట్‌లో అప్‌లోడ్ చేస్తే దగ్గరి పేటెంట్లను, వాటి ‘విలువ స్కోరు’నూ చూపించింది. 84 సైటేషన్లు (తర్వాతి పేటెంట్లలో వచ్చిన ప్రస్తావనలు) ఉన్నది, 3 ఉన్నదానికంటే గొప్పదా?

జవాబు: స్కోరు సంగతి తర్వాత. దాఖలు చేయని డ్రాఫ్ట్‌ను ఎవరిదో సర్వర్‌లో పెట్టారు, నన్ను కలవరపెడుతున్నది అదే. ఇలా రాస్తున్నవాళ్లు రోజురోజుకూ ఎక్కువవుతున్నారు. మీ రిపోర్టు లింకును లాగిన్ లేకుండా ఇన్‌కాగ్నిటో విండోలో తెరిచి చూడండి. తెరుచుకుంటే ఎవరైనా చదవచ్చు. దాఖలుకు ముందే విషయం బయటపడితే కొత్తదనం లేదనే వాదనకు మీరే దారిచ్చినట్టు. ఫైల్ తీసేయించండి, తీసేశామన్న మెయిల్ దాచుకోండి. వెంటనే ప్రొవిజనల్ అప్లికేషన్ (తాత్కాలిక దరఖాస్తు) వేయండి. సొంత పేర్లతో ఆన్‌లైన్‌లో వేస్తే ఫీజు 1,600 రూపాయలు. పూర్తి స్పెసిఫికేషన్‌కు, అంటే ఆవిష్కరణను పూర్తిగా వివరించే పత్రానికి, 12 నెలల గడువు ఉంటుంది. వెతకడానికి డ్రాఫ్ట్ అవసరమే లేదు. మీది కెపాసిటెన్స్ సెన్సర్ అయితే జీ01ఎన్ 27/22 అనే పేటెంట్ తరగతి కోడ్ చాలు.

ఇక ఆ 84. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి ధర కట్టేది రంగు, తేమ, తాలు చూసి. బస్తాలు లెక్కపెట్టి కాదు. ఈ సైట్లు బస్తాలే లెక్కపెడుతున్నాయి. అమెరికాలో దరఖాస్తుదారు తనకు తెలిసిన సంబంధిత పాత పత్రాలన్నీ చెప్పి తీరాలి, అందుకే అక్కడి జాబితాలు పొడుగ్గా ఉంటాయి. గూగుల్ పేటెంట్స్‌లో నక్షత్రం గుర్తున్నవే ఎగ్జామినర్ (పేటెంట్ ఆఫీసు పరిశీలకుడు) ఇచ్చినవి. ముందు వాటినే లెక్కించండి. సొంత కంపెనీ ఇచ్చుకున్నవి తీసేయండి. ఒకే ఆవిష్కరణ నాలుగు దేశాల్లో ఉంటే ఒకటిగానే లెక్కించండి. 2008 నాటిదాన్ని 2022 నాటిదానితో పోల్చకండి, కొత్తదానికి సైటేషన్లు చేరే సమయమే దొరకలేదు. మన దేశంలో ఎగ్జామినర్ ఎత్తిచూపిన పత్రాలు ఫస్ట్ ఎగ్జామినేషన్ రిపోర్టులో ఉంటాయి. ఆ రిపోర్టు చదవని సైట్‌కు అక్కడి సైటేషన్లు లెక్కలోకి రావు.

యూరప్ సెర్చ్ రిపోర్టుల్లో పత్రం పక్కన ఉండే అక్షరం అన్నిటికంటే ముఖ్యం. ‘ఏ’ అంటే నేపథ్యం కోసం ప్రస్తావించారంతే. ‘ఎక్స్’ అంటే ఆ ఒక్క పత్రమే తర్వాతి దరఖాస్తుకు అడ్డని ఎగ్జామినర్ భావించారు. 3 సైటేషన్లూ ‘ఎక్స్’ అయితే మీరు జాగ్రత్తపడాల్సింది ఆ పేటెంట్‌తోనే. రెన్యువల్ ఫీజు కట్టక అది రద్దయినా సరే: మిమ్మల్ని ఆపే హక్కు దానికి ఉండదు కానీ, మీ కొత్తదనాన్ని దెబ్బతీసే శక్తి పోదు. అందుకే క్లెయిములతో (హక్కు కోరే అంశాలతో) ఆగకుండా వివరణ మొత్తం, బొమ్మలతో సహా చదవండి.