గడప దగ్గర మొదలుపెట్టు బిడ్డా

నల్లగొండ

బిడ్డా,

నిన్న రాత్రి పాలమూరు హాస్టల్ నుంచి నువ్వు ఫోన్ చేసి, "పెద్దనాయనా, గ్లైకోజెన్ చాప్టర్ రాత్రి చదివింది పొద్దుటికి గుర్తుండట్లేదు" అన్నప్పటి నుంచి నాకు అదే ధ్యాస. టెన్షన్ పడకు. నీ తెలివికి ఏం కాలేదు, చదివే వరస మార్చుకోవాలి.

గ్లైకోజెన్ అంటే శరీరం దాచుకున్న గ్లూకోజ్ నిల్వ. దాన్ని కరిగించమనే కబురును కణం లోపల మోసే సైక్లిక్ ఏఎంపీ నుంచి నువ్వు మొదలుపెడుతున్నావు. అక్కడ కాదు, లివర్ కణం గడప దగ్గర మొదలుపెట్టు. రక్తంలో గ్లూకోజ్ తగ్గినప్పుడు వచ్చే హార్మోన్ గ్లూకగాన్ లోపలికి పోదు. గడప బయట నిలబడి పిలుస్తుంది. ఆ పిలుపు వినే చెవి రిసెప్టర్. ఏ కణానికి ఆ చెవి ఉందన్నదే మొదటి ప్రశ్న.

నేను ఎమ్మెస్సీ వైవాకు పోయినప్పుడు వరసంతా బట్టీ పట్టి పోయాను. ఎగ్జామినర్ ఒక్కటే అడిగారు: "కండరంలోనూ గ్లైకోజెన్ ఉంది కదా, గ్లూకగాన్ వస్తే అది ఎందుకు కరగదు?" నాకు నోట మాట రాలేదు. కండరానికి గ్లూకగాన్ రిసెప్టరే లేదు. పైగా గ్లూకోజ్‌ను విడిపించి బయటికి పంపే ఎంజైమ్ గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ కూడా లేదు కాబట్టి, తన గ్లైకోజెన్ కరిగినా అది తన పనికే, రక్తంలోకి గ్లూకోజ్ ఇవ్వలేదు. లివర్ మాత్రం ఊరుమ్మడి గుమ్మి లాంటిది. ఒక్కపొద్దు ఉన్ననాడు మెదడుకు గ్లూకోజ్ అందేది అక్కడి నుంచే.

ఇప్పుడు లోపలికి రా. రిసెప్టర్ కదిలితే దాని పక్కనున్న జీఎస్ ప్రోటీన్ జీడీపీ అనే చిన్న అణువును వదిలి జీటీపీని పట్టుకుంటుంది. అది అడెనిలైల్ సైక్లేజ్ అనే ఎంజైమ్‌ను తట్టి లేపితే ఏటీపీ నుంచి సైక్లిక్ ఏఎంపీ పుడుతుంది. నాలుగు సైక్లిక్ ఏఎంపీలు అతుక్కుంటే పీకేఏ అనే ఎంజైమ్ విడిపడి పనిలోకి దిగుతుంది. అది ఫాస్ఫోరైలేజ్ కైనేజ్‌కు, ఆ కైనేజ్ గ్లైకోజెన్‌ను కరిగించే గ్లైకోజెన్ ఫాస్ఫోరైలేజ్‌కు ఫాస్ఫేట్ తగిలిస్తాయి. అదే పీకేఏ గ్లైకోజెన్‌ను తయారుచేసే గ్లైకోజెన్ సింథేజ్‌ను ఆపేస్తుంది. ఒకవైపు గుమ్మి నింపుతూ ఇంకోవైపు తోడుకోవడం ఉండదన్నమాట.

ఇది మనసులో నిలవాలంటే ఎర్ల్ సదర్లాండ్ అనే శాస్త్రవేత్త ప్రయోగం చదువు. ఆయన, రాల్ కలిసి 1950లలో లివర్ కణాలను చితక్కొట్టి, పొరల ముక్కలను వేరు చేశారు. పొరలు తీసేసిన రసంలో హార్మోన్ వేస్తే ఏమీ జరగలేదు. పొరల ముక్కలతో హార్మోన్‌ను, ఏటీపీని కలిపి, అందులో పుట్టినదాన్ని మరిగించి ఆ రసంలో వేస్తే ఫాస్ఫోరైలేజ్ మేల్కొంది. మరిగినా చావని ఆ పదార్థమే సైక్లిక్ ఏఎంపీ. దానికే సదర్లాండ్‌కు 1971లో నోబెల్ వచ్చింది. హార్మోన్ పని గడప దగ్గరే అయిపోతుందని చెప్పడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం నాకు తెలియదు.

అడ్రినలిన్‌కు లివర్‌లో రెండు చెవులు. బీటా-2 అయితే పైన చెప్పిన దారే. ఆల్ఫా-1 అయితే జీక్యూ ప్రోటీన్, అది లేపే ఎంజైమ్ ఫాస్ఫోలైపేజ్ సీ, దాని వల్ల పుట్టే కబురు ఐపీ3, ఆఖరికి లోపల దాచిన కాల్షియం బయటికి. ఫాస్ఫోరైలేజ్ కైనేజ్‌లోనే కాల్మోడ్యులిన్ ఒక భాగంగా ఉంది, కాల్షియం దాన్నే పట్టుకుంటుంది. రెండు దార్లూ ఆ కైనేజ్ దగ్గర కలుస్తాయి. ఈ దారంతా నువ్వు గీసే బొమ్మలో అక్కడ పెద్ద చుక్క పెట్టు.

పిల్లలందరూ వదిలేసేది ఈ కబురును ఆపడం. జీఎస్ తన జీటీపీని తానే కోసుకుంటుంది, ఫాస్ఫోడైఎస్టరేజ్ సైక్లిక్ ఏఎంపీని విరగ్గొడుతుంది, ప్రోటీన్ ఫాస్ఫటేజ్-1 తగిలించిన ఫాస్ఫేట్లను ఊడదీస్తుంది. తిన్నాక ఇన్సులిన్ తన సొంత రిసెప్టర్ మీద వాలి ఈ ఆపే పనికే బలమిస్తుంది. ఎరుపు పెన్నుతో ఇవి గీయకుండా బొమ్మ పూర్తయిందనుకోకు.

ఆదివారం ఇంటికి వస్తే పొద్దున్నే మేక కార్జం, అంటే లివర్, తెస్తాను. సగం వెంటనే ఉడకబెట్టి, నూరి, రెండు చుక్కల వెనిగర్ వేసి వడగడదాం. చల్లారాక అయోడిన్ వేస్తే, గ్లైకోజెన్ ఉంటే ఎర్రమట్టి రంగు రావాలి. మిగతా సగం సాయంత్రం దాకా బయటే పెట్టి, అప్పుడు అదే చేసి గ్లైకోజెన్ ఎంత మిగిలిందో చూద్దాం. వచ్చేముందు బొమ్మ పుస్తకం చూడకుండా ఒకసారి గీసి, ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు. ఎరుపు గీతలు ముందు చూస్తాను.

మీ పెద్దనాయన