జమ్ము మడి కట్టబోతున్న మేనకోడలికి

చిన్నీ,

హాస్టల్ మురుగుని జమ్ము మడిలోంచి, అంటే కంకర పోసి జమ్ములాంటి నీటి మొక్కలు నాటిన మడిలోంచి పంపి, శుభ్రమైన నీళ్లు తోటకి పారిస్తావట. మీ అమ్మ ఫోన్లో చెబుతుంటే గర్వంగా అనిపించింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

అడుగున షీటు, చివర నీటిమట్టం మార్చుకునే పైపు, ఇవన్నీ నువ్వు చదువుకున్నవే. కంకర మాత్రం కడిగించు. క్రషర్ నుంచి వచ్చిన లోడు అలాగే పోసేస్తారు, ఆ పొడి సందులన్నీ మూసేస్తుంది. కడిగిన నీళ్లు తేటపడేదాకా దగ్గరే నిలబడు. ఎండ అనకు.

అసలు సంగతికి వస్తాను. నా సర్వీసులో ఒక హాస్టల్లో ఇలాంటిదే కట్టారు. వంటగది నీళ్లలో కొవ్వు, మెతుకులు మడిలోకి రాకుండా ఆపే జిడ్డు తొట్టి ఉండాలి కదా, ఖర్చని ఎస్టిమేటులోంచి కొట్టేశారు. మడికి ముందున్న సెప్టిక్ ట్యాంకులో బురద పేరుకుపోతున్నా తీయించినవాడు లేడు. మెట్ట తామరలు పూస్తున్నన్నాళ్లూ వచ్చినవాళ్లంతా ఫొటోలు దిగారు. తర్వాత నీళ్లు కంకర మీదికి ఎక్కాయి. అప్పుడు వాళ్లు చేసిన పనేమిటో తెలుసా? గట్టు ఎత్తు పెంచారు! దోమలు పెరిగాయి. వేళ్లు అడ్డుపడ్డాయని మొక్కలు పీకించారు, పాపం. చివరికి తవ్వితే, మురుగు లోపలికొచ్చే చోట మొదటి రెండు మూడు గజాలు నల్లటి జిగురు. పారతో ఎత్తితే కంకర ముద్దగా వచ్చింది, మధ్యలో తెల్లటి కొవ్వు, కుళ్లిన మెతుకులు. అవతలి కొసన రాళ్లు మాత్రం వేసిన నాటిలాగే ఉన్నాయి. ఆ ముందు భాగం కంకర తీసి కడిగి వేస్తే సరిపోయేది. మడి మొత్తం పీకి పారేశారు.

వేళ్లని తిట్టడం ఎంత తప్పో, వేళ్లే అన్నీ చూసుకుంటాయనుకోవడమూ అంతే. జర్మనీలో కికుట్ అనే ఆయన పద్ధతిలో 1974లో ఒట్‌ఫ్రెసెన్‌లో మట్టి మడి కట్టారు. వేళ్లే నీటికి దారి చేస్తాయని ఆయన నమ్మకం. అలాంటి మట్టి మడుల్లో నీరు లోపలికి ఇంకక పైపైనే పారింది. తర్వాతివాళ్లు కంకరకి మళ్లారు.

మురుగులో కుళ్లే పదార్థం ఎంతుందో చెప్పే కొలత బీఓడీ. అది చదరపు మీటరు మడికి రోజుకి 6 గ్రాములు దాటకూడదని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2000లో చెప్పింది. స్థలం చాలట్లేదని పిల్లల సంఖ్య తగ్గించి లెక్క కట్టకు. నీ సంగతి నాకు తెలుసు, చిన్నప్పుడు ఎక్కాల పుస్తకంలో జవాబు చూసి లెక్క దిద్దేదానివి. ఒక మడి బదులు పక్కపక్కన రెండు కట్టు. ఒకదాన్ని ఆరబెడితే గాలి తగిలి ఆ జిగురు తనే కరుగుతుంది.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని మాట. మడి పూడిందంటే అందరి చూపూ ట్యాంకు మీద పడుతుంది, ఎవరో ఒకరు "కాస్త దిగి చూడరా" అంటారు. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దించడం, చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. పరికరాలున్నా నువ్వు మాత్రం దించనివ్వకు తల్లీ. లోపలి గ్యాసు కంటికి కనపడదు, పడిపోయినవాణ్ణి లాగబోయి రెండోవాడూ పోతాడు. బురద రెండు మూడేళ్లకోసారి మిషన్‌తో తీయించు, ఆ డబ్బు ముందే ఒప్పందంలో రాయించు.

డ్రాయింగ్ పంపు. జిడ్డు తొట్టి లేకపోతే తిప్పి పంపిస్తాను. దాని మూత వంటమనిషి ఒక్కతే ఎత్తగలిగేలా ఉండాలి, బరువైతే ఎవరూ తెరవరు.

మీ మావయ్య