బొమ్మల ప్రింటర్ ప్రశ్నలు: ఉదయగిరి ముట్టడి నుంచి పులిజూదం దాకా

ప్రశ్న: అన్నా నమస్తే. మాది ఆత్మకూరు, నెల్లూరులో బీటెక్ థర్డ్ ఇయర్. ఆదివారాలు నలుగురం కూర్చుని టేబుల్ మీద మినియేచర్ బొమ్మలతో యుద్ధం గేములు ఆడతాం. ఎప్పుడూ ఆ యూరప్ సైనికులు, రాక్షసులేనా, మన ఉదయగిరి ముట్టడినే గేమ్‌గా చేద్దాం అనుకున్నాం. రాయల కాలం బొమ్మలు యాడా దొరకట్లా. త్రీడీ ప్రింటర్ కొని మేమే చేసుకోవాలని ఉంది. ఫిలమెంట్‌దా, రెసిన్‌దా? మొదలు ఎట్టా పెట్టాలి? (ఓ విద్యార్థి, నెల్లూరు)

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం రెండు సార్లు చదువుకున్నా, ప్రింటర్ ఉన్నోళ్లు చాలామంది నెట్‌లో దొరికిన ఫైల్ దించుకుని కొట్టుకోడంతోనే ఆగిపోతారు, యాడా దొరకని బొమ్మ కావాలి అని అడిగినోడివి నువ్వు, అసలు ఈ మిషన్ ఉండేదే అందుకు.

మనిషి బొమ్మలకి రెసిన్‌దే కొనండి. ఫిలమెంట్ మిషన్ ప్లాస్టిక్ తీగని కరిగించి జంతికల గొట్టంలోంచి పిండినట్టు పిండుకుంటా పొర మీద పొర వేస్తది, పొర మందం మామూలుగా 0.2 మిల్లీమీటర్లు, మీరు ఆడే బొమ్మ ఎత్తే 28 మిల్లీమీటర్లు, అందులో మొహం మూడు నాలుగు మిల్లీమీటర్లు, అంటే మొహం మొత్తానికి పదిహేను ఇరవై పొరలు, ఇంక మీసం యాడ కనపడిద్ది. సన్న నాజిల్ (ప్లాస్టిక్ బయటికొచ్చే మొన) పెడితే కొంత మెరుగే కానీ రెసిన్ పనితనం రాదు. రెసిన్ మిషన్‌లో తొట్టిలో రెసిన్ అనే జిగట ద్రవం ఉంటది, కింద స్క్రీన్‌లోంచి 405 నానోమీటర్ల కాంతి పడ్డ చోటల్లా గట్టిపడతది, పొర 0.05 మిల్లీమీటర్లు. ఇంకో లాభం, పొర మొత్తం ఒకేసారి గట్టిపడతది కాబట్టి బొమ్మలు అతుక్కుని పెరిగే పలక మీద ఒక్క బొమ్మ పెట్టినా పది పెట్టినా టైం ఒకటే. సపోర్టులతో (ప్రింటయ్యేటప్పుడు బొమ్మని పట్టి నిలిపే సన్న పుల్లలు) కలిపి 35 మిల్లీమీటర్ల ఎత్తు అనుకుంటే 700 పొరలు, పొరకి పది సెకన్లు వేసుకున్నా రెండు గంటల్లోపు అయిపోద్ది.

ఇప్పుడు అసలు సంగతి, స్కేల్. 28 మిల్లీమీటర్ల బొమ్మ అంటే నిజం మనిషిలో సుమారుగా 56వ వంతు. ఈటె కర్ర నిజంగా మూడు సెంటీమీటర్ల లావు ఉంటే లెక్క ప్రకారం అర మిల్లీమీటర్ వచ్చిద్ది, అది సపోర్టులు పీకేటప్పుడే పుటుక్కుమంటది. కత్తి అయితే ఇంకా అన్యాయం, చెయ్యి తగిలితే చాలు. అందుకే ఆయుధం ఏదైనా ఒక మిల్లీమీటర్‌కి తగ్గకుండా చెయ్యండి, చేతులు తల కూడా లెక్క కన్నా కాస్త పెద్దగా ఉంచాలి, లేకపోతే మూడడుగుల దూరం నుంచి ఎవరు ఎవరో తెలీదు. ఈటెలకి మాత్రం నా మాట వినండి, వాటిని ప్రింటే చెయ్యొద్దు. పిడికిట్లో బెజ్జం వదిలి స్టీలు తీగ ముక్క దూర్చండి, జెండాలకి కొబ్బరి చీపురు పుల్ల బ్రహ్మాండంగా పనికొచ్చిద్ది.

కంప్యూటర్‌లో బొమ్మలు చెక్కడానికి బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, నేర్చుకోడానికి రెండు నెలలు పట్టినా పర్లేదు, నలుగురు ఉన్నారు కదా ఒకళ్లు కూర్చోండి. బట్టలకి నమూనా సినిమాల్లో వెతకొద్దు, లేపాక్షి గుడి కప్పు మీద బొమ్మల్లో పొడుగు కుళ్లాయిలు పెట్టుకున్నవాళ్లని చూడండి, హంపిలో హజార రామాలయం ప్రహరీ గోడ మీద ఏనుగులు గుర్రాలు కాల్బలం వరసలు వరసలుగా చెక్కి ఉన్నాయి, ఫోటోలు తీసుకొచ్చుకుని పక్కన పెట్టుకుని చెయ్యండి.

ఇంకో మాట చెప్పాలి, నాకు ఇది చాలా ముఖ్యం. గజపతుల చేతిలో ఉన్న ఉదయగిరిని రాయలు పట్టుకుంది 1514లో, అంతకుముందు ఏడాదికి పైగా ముట్టడి. న్యూనిజ్ అని పోర్చుగీసు గుర్రాల వర్తకుడు రాసినదాన్ని బట్టి కోటకి పోయే దారి ఒకటే, అదీ మనిషి వెనక మనిషి పోయేంత ఇరుకు, రాయలు బండలు కొట్టించి కొత్త దారులు వేయించుకుంటా పైకి పోయాడు. అంటే ఈ యుద్ధం సగం గెలిచింది గునపాలు సుత్తులు పట్టుకున్నోళ్లు! గేమ్‌లో ఇరుకు దారిలో ఒక్కో బొమ్మే కదలాలి అని రూల్ పెట్టండి, రాళ్లు కొట్టేవాళ్లు ఇన్ని వంతులు పనిచేస్తే కొత్త దారి తెరుచుకుంటది అని పెట్టండి. గునపం ఎత్తిన మనిషి, బండ కింద సమ్మెట వేస్తున్న మనిషి, గంపతో రాళ్లు మోస్తున్న ఆడమనిషి, ఇట్టాంటి బొమ్మలు ఏ కంపెనీ అమ్మేను? ముందు అవే చెయ్యండి, రాయల్ని తర్వాత చెయ్యొచ్చు.

ఏనుగు అయిదు సెంటీమీటర్ల ఎత్తు వచ్చిద్ది, దాన్ని లోపల గుల్లగా చెయ్యండి, గోడ రెండు మిల్లీమీటర్లు, కింద పాదాల్లో రెండు బెజ్జాలు. బెజ్జాలు మరిచిపోతే లోపల పచ్చి రెసిన్ ఉండిపోయి కొన్ని వారాలకి ఏనుగు పొట్ట పగిలి కారతది, నా మొదటి ఏనుగు అట్టాగే పోయింది, రంగులు వేసినాక. కొండ మాత్రం అదే స్కేల్లో కుదరదు, ఉదయగిరి దుర్గం 3,000 అడుగుల పైచిలుకు, కింద నేల మట్టం తీసేసినా బొమ్మల లెక్కలో పది మీటర్లు దాటుద్ది. థర్మాకోల్‌తో దారులు కనపడేట్టు మెట్లు మెట్లుగా కోసుకోండి. కోట గోడలు, బురుజులకి ఫిలమెంట్ మిషన్ ఎవరి దగ్గరైనా ఉంటే అదే మేలు, చవక.

కరెంటు పోతే రెసిన్ ప్రింటు చెడిపోయే అవకాశం ఎక్కువ. చిన్న మిషన్‌కి కరెంటు పెద్దగా అక్కర్లా, ఇంటి ఇన్వర్టర్ చాలు, కానీ వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూసుకోండి, లేకపోతే కరెంటు నుంచి బ్యాటరీకి మారే ఆ క్షణంలో మిషన్ ఆగిపోవచ్చు.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ సెకండ్ ఇయర్. వాళ్ల మామయ్య కొనిచ్చిన రెసిన్ ప్రింటర్ పడగ్గదిలో పెట్టుకున్నాడు. ఒకటే వాసన. నీళ్లతో కడిగే రెసినే కదమ్మా ఏం కాదు అంటున్నాడు. నిజమేనా అండీ? (ఓ తల్లి, ఒంగోలు)

జవాబు: లేదమ్మా, మీ భయం నిజమే. ఇవాళే ఆ మిషన్ పడగ్గదిలోంచి తీయించండి, వంటగది కూడా వద్దు. నీళ్లతో కడగొచ్చు అంటే ప్రింటైన బొమ్మని కడగడం తేలిక అని అర్థం, లోపలి మందు మాత్రం అట్టాంటిదే. గట్టిపడని రెసిన్ చర్మానికి పదేపదే తగిలితే అలర్జీ పట్టుకోవచ్చు, ఒకసారి పట్టిందా జన్మంతా ఉండిపోతది, ఆ తర్వాత చుక్క తగిలినా దద్దుర్లే. నైట్రైల్ గ్లోవ్స్, కళ్లద్దాలు లేకుండా తొట్టి ముట్టుకోనివ్వకండి. గుడ్డ మాస్కు ఆ వాసనని ఆపదు, కార్బన్ ఫిల్టర్ ఉన్నది కావాలి. గాలి వచ్చే విడి గది ఏదైనా మంచిది, ఎండ మాత్రం మిషన్ మీద పడకూడదు, తొట్టిలో ఉన్న రెసిన్ అక్కడే గడ్డకట్టిద్ది.

కడిగిన నీళ్లు మాత్రం మోరీలో పోయనివ్వకండమ్మా. ఈ రెసిన్ నీళ్లలో బతికే జీవాలకి విషం, మన వైపు కాలవలన్నీ యాడికి పోతాయో మీకు తెలుసు, చెరువులు ఉన్నాయి, రొయ్యల గుంటలు ఉన్నాయి. గాజు సీసాలో పోసి మిద్దె మీద ఎండలో పెట్టిస్తే రెసిన్ గట్టిపడి అడుక్కి దిగుద్ది, వడగట్టి ఆ గట్టిపడ్డది చెత్తలో వెయ్యాలి. నీళ్లు మళ్లీ కడగడానికే వాడుకోమనండి. స్పిరిట్‌తో కడిగేవాళ్లకీ ఇదే పద్ధతి, కాకపోతే అది ఇట్టే అంటుకునే సరుకు, మూత బిగించి ఉంచాలి, దేవుడి దీపం దగ్గర పెట్టకూడదు. పిల్లోడిని మానిపించకండి, మంచి విద్య, చోటు మార్పించండి చాలు.

ప్రశ్న: సార్, నెట్‌లో ఫ్రీగా దించుకున్న డ్రాగన్ బొమ్మలు ప్రింట్ చేసి అమ్ముకోవచ్చా? (ఓ పాఠకుడు, కావలి)

జవాబు: చాలా ఫైళ్లు సొంతానికే ఉచితం. అమ్మాలంటే చెక్కినవాళ్లు కమర్షియల్ లైసెన్సు ఇవ్వాలి, పేజీలోనే రాసి ఉంటది, చదవండి. లేకపోతే వద్దు, ఒక బొమ్మ వెనక ఎన్ని రాత్రులు ఉంటాయో చెక్కినోళ్లకే తెలుసు.

ప్రశ్న: మా తాతకి 84 ఏళ్లు, పులిజూదం అంటే ప్రాణం. చూపు మందగించి రాళ్లకీ గింజలకీ తేడా తెలియక ఆడటం మానేశాడు. ప్రింటర్‌తో ఏమన్నా చెయ్యొచ్చా అన్నా? మా దగ్గర మిషన్ లేదు. (ఓ పాఠకురాలు, పొదిలి)

జవాబు: చెయ్యొచ్చు తల్లీ, తప్పకుండా చెయ్యొచ్చు. మూడు పులులు, పదిహేను మేకలు, మొత్తం పద్దెనిమిది కాయలే. రంగుల తేడా వద్దు, చేతికి తెలిసే తేడా చేయించు. పులి పడుకుని పొడుగ్గా, వీపు మీద వేలికి తగిలేట్టు చారలు, మేక నిలబడి, రెండు మొద్దు కొమ్ములు. సన్న కాళ్లు, తోకలు వద్దు, ఒంటికి అతుక్కునే ఉండాలి. మూడు సెంటీమీటర్ల సైజు కాబట్టి దీనికి ఫిలమెంట్ మిషనే సరి, పీఎల్ఏ ప్లాస్టిక్ చాలు, ప్రింట్ చేసిచ్చేవాళ్లకి ఫైల్ పంపితే కొరియర్‌లో వచ్చిద్ది. కాయ అడుగున ఇనప వాషర్ పట్టేంత గుంట పెట్టించి వాషర్ అతికిస్తే బరువుగా ఉండి చెయ్యి తగిలినా పడిపోదు. ఒక జాగ్రత్త, పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గర మెత్తబడతది, రోహిణి కార్తెలో మూసిన కార్లో వదిలేస్తే మేకలన్నీ వంగిపోతాయి.

ఆట గీతల పలక మాత్రం ప్రింట్ చేయించొద్దు, అంత పెద్దది ముక్కలుగా వచ్చిద్ది. ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసేవాళ్లు ఉన్నారుగా, వాళ్ల చేత చెక్కించు, గీతలు కలిసే 23 చోట్లా కాయ అడుగు కూర్చునేంత పల్లం, గీతలు వేలితో తడిమితే తెలిసేంత లోతు. చోటుకీ చోటుకీ మధ్య రెండంగుళాలు ఉండాలి, తాత తడుముకునేటప్పుడు పక్క కాయ కదలకుండా. మేక ఫైల్ నేను చేసి పంపుతా, పులి చారలు ఎంత లోతు ఉంటే తాతకి తెలుస్తున్నాయో ముందు ఒక్క పులి ప్రింట్ చేయించి ఆయన చేతికిచ్చి అడిగి రాయి.