3070 కార్డులకు వోల్టేజీ, క్లాక్ కచ్చితంగా ఎంత పెట్టాలి?

మీ దగ్గర రెండు ఎన్విడియా 3070 గ్రాఫిక్స్ కార్డులున్నాయనీ, తక్కువ కరెంటుతో మైనింగ్ (కంప్యూటర్‌తో లెక్కలు చేయించి క్రిప్టో నాణేలు సంపాదించడం) చేయడానికి ఎంత వోల్టేజీ, ఎంత క్లాక్ (చిప్పు వేగం) పెట్టాలో అంకెలు మాత్రం చెబితే చాలనీ అడిగారు. 2021 జనవరి నుంచి 2022 సెప్టెంబరు వరకు విజయవాడలో మా మేడమీది గదిలో ఇలాంటివే ఆరు కార్డులతో ఈథీరియం మైనింగ్ చేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఆ అంకెలు మీ కార్డుల దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకవు.

మొదట్లో నేనూ మీలాగే ఒక వీడియోలో చూపించిన అంకెలనే ఆరింటికీ పెట్టాను. కోర్ (లెక్కలు చేసే చిప్పు) క్లాక్‌ను 1100 మెగాహెర్ట్జ్ దగ్గర లాక్ చేసి, మెమరీని 1200 పెంచితే, మైనింగ్ ప్రోగ్రాం తెరమీద ఒక్కొక్క కార్డుకు దాదాపు 62 మెగాహ్యాష్ (సెకనుకు 6.2 కోట్ల లెక్కలు) హ్యాష్‌రేటు కనిపించింది. ఏప్రిల్ వరకు ఇబ్బంది లేదు. మే నెల ఎండలు మొదలయ్యాక మాత్రం మధ్యాహ్నం రెండు దాటితే మూడో కార్డు ఆగిపోవడం, దానితో పాటు రిగ్గు (కార్డులన్నీ బిగించిన కంప్యూటర్) మొత్తం రీస్టార్ట్ కావడం రోజువారీ వ్యవహారమైంది. రైజర్ (కార్డును మదర్‌బోర్డుకు కలిపే తీగ) పాడైందనుకుని మార్చాను, తర్వాత పవర్ కేబుల్ మార్చాను, కార్డును వేరే స్లాట్‌లోకి తీసుకువెళ్లాను; ఎక్కడ పెట్టినా తప్పు ఆ కార్డు వెంటే వచ్చింది. చివరకు ఒక ఆదివారం నోటుపుస్తకం పట్టుకుని పొద్దుటి నుంచి చీకటిపడే దాకా ఆ గదిలోనే కూర్చుని, ఒక్కొక్క కార్డునూ విడిగా నడిపి, మెమరీని 50 చొప్పున మారుస్తూ ఎన్ని షేర్లు (పని చేసినట్టు పూల్‌కు, అంటే చాలామంది కలిసి మైనింగ్ చేసి రాబడి పంచుకునే సర్వీసుకు, కార్డు పంపే రుజువులు) చెల్లకుండా పోతున్నాయో రాసుకున్నాను. మూడో కార్డు 1050 దగ్గర ఒక్క తప్పూ చేయలేదు. 1100 దగ్గర అప్పుడప్పుడూ చేసింది. 1200 దగ్గర మెమరీ వేడెక్కిన అరగంటకల్లా వరుసగా తప్పుడు షేర్లు పంపడం మొదలుపెట్టింది. ఒకే కంపెనీవి, ఒకే రోజు కొన్నవి అయినా, ఐదో కార్డు మాత్రం 1250 దగ్గర కూడా నిలకడగా నడిచింది.

అందుకే తెరమీది హ్యాష్‌రేటును నమ్మవద్దని అంటాను. మూడో కార్డుకు మెమరీ తగ్గించినప్పుడు తెరమీది అంకె ఒకటిన్నర మెగాహ్యాష్ మేర తగ్గింది కానీ, పూల్ లెక్కగట్టి డబ్బిచ్చే షేర్లు పెరిగాయి. పూల్ చూపించే వేగం అదృష్టాన్ని బట్టి గంటగంటకూ ఊగుతుంది కనుక, కనీసం 24 గంటల సగటు చూడనిదే ఏ మార్పూ మంచిదో చెడ్డదో తేల్చకూడదు.

ఇక వోల్టేజీ సంగతి. చిప్పు తినే కరెంటు క్లాక్‌తో పాటు పెరుగుతుంది, వోల్టేజీతో అయితే దాని వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 1 వోల్టు నుంచి 0.7కు దిగితే, క్లాక్ తగ్గించకముందే, ఆ భాగం సగానికి పడిపోతుంది. ఈథీరియం వాడిన ఈథ్యాష్ పద్ధతికి మెమరీ వేగమే ప్రాణం కాబట్టి కోర్‌ను ఇంత కిందికి దించినా నష్టం రాలేదు. ఎన్విడియా కార్డుల్లో క్లాక్ లాక్ చేస్తే వోల్టేజీ దానంతటదే దిగుతుంది. పవర్ లిమిట్ (కార్డు వాడగల వాట్ల పరిమితి) ఒక్కటే తగ్గిస్తే క్లాక్ పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది కనుక అది సరైన మార్గం కాదు. గోడ ప్లగ్గు దగ్గర మీటరు పెట్టి కొలిస్తే, నా రిగ్గు 1420 వాట్ల నుంచి 830కి దిగింది. అంటే రోజుకు 14 యూనిట్ల ఆదా. యూనిట్ ఎనిమిది రూపాయలనుకున్నా నెలకు 3,400 రూపాయలు.

వీడియోలు చేసేవారిమీద నాకు మరొక ఫిర్యాదు ఉంది. లైనక్స్‌లో 2200 అని పెట్టే మెమరీ పెంపు విండోస్‌లో కార్డు సెట్టింగులు మార్చే ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రాంలో 1100తో సమానం. ఏ సిస్టమ్‌లో పెట్టారో చెప్పకుండా అంకె ఒక్కటే చెబితే, కొత్తవాళ్లు దాన్ని యథాతథంగా ఎక్కించి కార్డు పాడైందని భయపడుతున్నారు. ఆర్‌ఎక్స్ 580 లాంటి పాత ఏఎండీ కార్డుల్లో తెరమీద కనిపించే వాట్లు చిప్పువి మాత్రమే, కార్డు మొత్తానివి కావు. ఆ సంగతీ వాళ్లు చెప్పరు.

2022 సెప్టెంబరు 15న ఈథీరియం మైనింగ్‌ను వదిలేసింది కాబట్టి, ఇప్పుడు మీరు ఏ నాణేన్ని ఎంచుకుంటారన్నది ముఖ్యం. ఉదాహరణకు రేవెన్‌కాయిన్ అనే నాణెం కోర్‌ను గట్టిగా పనిచేయిస్తుంది. అక్కడ 1100 దగ్గర లాక్ చేస్తే వేగం బాగా పడిపోతుంది. పైగా మన దేశంలో 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభంమీద 30 శాతం పన్ను ఉంది, అందులోంచి కరెంటు ఖర్చును మినహాయించుకోవడానికి వీల్లేదు. అది అన్యాయమని నా అభిప్రాయం.

కాబట్టి ముందు ఒక ప్లగ్ మీటరు కొనండి. రెండు కార్డులనూ విడివిడిగా నడుపుతూ, కోర్‌ను 15 మెగాహెర్ట్జ్ చొప్పున దించండి. హ్యాష్‌రేటు తగ్గడం మొదలైన చోట ఒక మెట్టు పైకి వచ్చి ఆగండి. ఆ తర్వాతే మెమరీ జోలికి వెళ్లండి. డిసెంబరులో కుదిరిన అంకెలను ఏప్రిల్‌లో, మధ్యాహ్నం ఎండ దిగకముందే మళ్లీ పరీక్షించండి.