సీరియల్ రచయిత్రి అవుతానంటున్న అమ్మాయి

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. మా అమ్మాయి పన్నెండో క్లాసు. డేటైమ్ ఎమ్మీ అవార్డుల వేడుక చూసినప్పటి నుంచి టీవీ సీరియళ్ళు రాస్తానంటోంది. వాళ్ళ నాన్నగారేమో కంప్యూటర్ సైన్సే చదవాలంటున్నారు. ఇంట్లో రోజూ టెన్షనే. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీ అమ్మాయి కోరికను తేలిగ్గా తీసేయకండి. పగటిపూట వచ్చే కార్యక్రమాలకు అమెరికాలో 1974 నుంచి విడిగా జరుగుతున్న అవార్డులవి. నటులతో పాటు రాసేవాళ్ళకూ ఇస్తారు, అదీ టీమ్ మొత్తానికి. ఎందుకంటే సోప్, అంటే అక్కడి పగటిపూట సీరియల్, ఒక్కరు రాసేది కాదు. కథ నెలల తరబడి ఎటు పోవాలో ప్రధాన రచయిత చూస్తారు. ఒకరు ఎపిసోడ్‌ని సీన్లుగా విడగొడితే, ఇంకొకరు మాటలు రాస్తారు. మన సీరియల్ టైటిల్స్‌లో స్క్రీన్‌ప్లే ఒకరిది, మాటలు ఒకరివి అని వేస్తారు చూడండి, అలాగే.

1999లో సోప్ నటి సూసన్ లూచీకి ఈ అవార్డు వచ్చిన ఘట్టం మీరిద్దరూ కలిసి చూడండి. పద్దెనిమిది సార్లు నామినేషన్‌తోనే సరిపెట్టుకుని, పంతొమ్మిదోసారి గెలిచిందామె. హాలంతా లేచి నిలబడి ఎంతకీ చప్పట్లు ఆపలేదు. చూశాక అమ్మాయితో ఒక మాట చెప్పండి: ఆమె వేసిన ఎరికా కేన్ పాత్రను సృష్టించింది ఆగ్నెస్ నిక్సన్ అనే రచయిత్రి. నిక్సన్ కూడా ముందు ఇంకొకరి దగ్గర మాటలు రాస్తూ పని నేర్చుకున్నావిడే.

ఇక వాళ్ళ నాన్నగారి భయం. అందులో న్యాయం ఉంది. ఒకప్పుడు పదికి పైగా ఉన్న రోజువారీ సోప్‌లు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేన్నే. 'డేస్ ఆఫ్ అవర్ లైవ్స్' 2022లో టీవీ వదిలి స్ట్రీమింగ్‌కి వెళ్ళిపోయింది. 2025లో 'బియాండ్ ద గేట్స్' మొదలైంది కానీ, అలాంటి కొత్త సోప్ పెద్ద నెట్‌వర్క్‌లో రావడం 1999 తర్వాత అదే. 2023లో రచయితల సమ్మె 148 రోజులు నడిచింది. అన్ని రోజులు జీతం లేకుండా గడవాలంటే చేతిలో ఇంకో పని ఉండాలి.

అందుకే నేను ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ వైపు మొగ్గుతాను. అక్కడ రేడియో, టెలివిజన్, ఫిల్మ్‌కి పేరున్న విభాగం ఉంది. మీరు టెక్సాస్ వాసులు కాబట్టి ఫీజు కూడా కలిసొస్తుంది. రాయడంతో పాటు ఎడిటింగ్ కూడా చేతికి రావాలి, అది సోప్‌లు లేకపోయినా అన్నం పెడుతుంది.

నా దగ్గరికొచ్చే పిల్లల్ని నేను అడిగేది ఒకటే, "నిన్న ఎన్ని పేజీలు రాశావు?" అని. సోప్ వారానికి ఐదు రోజులు వస్తుంది, మూడ్ లేదంటే కుదరదు. మీ అమ్మాయిని రేపటి నుంచి ముప్పై రోజులు రోజుకో సీన్ రాయమనండి. వంటింట్లో అమ్మా కూతురూ, కాలేజీ గురించి గొడవ, మూడు పేజీలు. మర్నాడు అదే గొడవ నాన్న వైపు నుంచి. నెల తిరిగాక ఆ కట్ట వాళ్ళ నాన్నగారి చేతిలో పెట్టండి, ఆయన చదివాక ముగ్గురూ కలిసి నాకు ఫోన్ చేయండి.